ఒక ఓడ దిగి, అదే రేవులో ఇంకో ఓడ ఎక్కేటప్పుడు

చి. ల. సౌ. మాధవికి,

పెద్దనాన్న ఆశీస్సులు. నువ్వూ, అల్లుడుగారూ, మీ అత్తగారూ కలిసి, ఒక క్రూజ్ (ఓడలో విహారయాత్ర) ముగిసిన రోజే అదే రేవులో ఇంకో ఓడ ఎక్కుదామనుకుంటున్నామని రాశావు. శుభ్రంగా చెయ్యొచ్చు. మధ్యలో హోటల్ అక్కర్లేదు, రానూపోనూ విమానం ఖర్చు కూడా ఒక్కసారే. అయితే ఒకే ఓడలో వరసగా రెండు క్రూజ్‌లు చేసినవాళ్ల మాటలు విని ఇది కూడా అంతే అనుకోవద్దు. వాళ్ల సామాను కేబిన్‌లోనే ఉంటుంది. అదే ఓడలో మళ్లీ ఎక్కేవాళ్లని చూపే ట్రాన్సిట్ కార్డు ఒకటి చేతికి ఇచ్చి, కాసేపు కిందికి దించి, మళ్లీ ఎక్కిస్తారు. మీకు అవేవీ ఉండవు. మొదటి ఓడవాళ్ల లెక్కలో మీరు దిగిపోయినవాళ్లు, రెండో ఓడవాళ్ల లెక్కలో ఇంకా రానివాళ్లు. మధ్యలో ఆ నాలుగైదు గంటలు సామానుకీ, సమయానికీ, మీ అత్తగారికీ మీరే పూచీ. రెండు ఓడలూ ఒకే కంపెనీవైనా ఇందులో మార్పు లేదు.

డబ్బు కట్టేముందు ఏ ఓడ ఏ టెర్మినల్‌కి వస్తుందో చూడు. రేవు ఒకటే కదా అని ఓడలు పక్కపక్కనే ఉంటాయనుకోకు. ఫ్లోరిడాలోని పోర్ట్ కెనావెరల్‌లో 1, 3 టెర్మినళ్లు నీళ్లకి దక్షిణాన, 5, 6, 8, 10 ఉత్తరాన ఉంటాయి. ఎదురుగా ఓడ కనిపిస్తూనే ఉన్నా కారులో చుట్టూ తిరిగి వెళ్లాల్సిందే. ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్‌లో ఓషన్, క్యూఈ టూ టెర్మినళ్లు తూర్పు డాక్స్‌లో ఉంటే సిటీ, మేఫ్లవర్, హొరైజన్ పశ్చిమ డాక్స్‌లో ఉన్నాయి. స్పెయిన్‌లోని బార్సిలోనాలో పెద్ద ఓడలు ఎక్కువగా అదోసాత్ వార్ఫ్‌కి వస్తాయి, కొన్ని మాత్రం ఊరిని ఆనుకున్న వరల్డ్ ట్రేడ్ సెంటర్ వైపు ఆగుతూ వచ్చాయి. ఏ రోజు ఏ ఓడ ఎక్కడ ఆగుతుందో రేవువాళ్లే తమ వెబ్‌సైట్‌లో పెడతారు. బుక్ చేసేటప్పుడు ఒకసారి, బయల్దేరే వారం ముందు ఒకసారి, దిగే ముందురోజు ఇంకోసారి చూసుకో. చివర్లో మారడం కొత్తేమీ కాదు.

తర్వాత సమయం సంగతి. మామూలుగా ఓడ పొద్దున్నే ఆరేడు గంటలకి రేవుకి చేరుతుంది, రెండో ఓడ సాయంత్రం నాలుగింటి ప్రాంతంలో బయల్దేరుతుంది. చూడ్డానికి బోలెడంత వ్యవధి ఉన్నట్టుంటుంది. కానీ చెక్-ఇన్ బయల్దేరడానికి గంట, గంటన్నర ముందే మూసేస్తారు. అమెరికా రేవుల నుంచి వెళ్లే ఓడైతే ప్రయాణికుల జాబితా 60 నిమిషాల ముందే అక్కడి అధికారులకి చేరాలి. జాబితా వెళ్లిపోయాక కౌంటర్ దగ్గర ఎంత బతిమాలినా వాళ్ల చేతుల్లో ఏమీ ఉండదు.

మొదటి ఓడ ఆలస్యమైతే రెండోది ఆగదు. ఈ ఏర్పాటులో అసలు గండం ఇదే. అమెరికాలోని గాల్వెస్టన్, టాంపా లాంటి రేవుల్లో చలికాలంలో పొగమంచు దిగితే ఓడల దారి మూసేస్తారు. అట్లాంటిక్‌లో జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా తుఫానుల కాలం. ఎవరికైనా ప్రాణం మీదికొస్తే ఓడని దారి మళ్లిస్తారు కూడా. పోనీ తర్వాతి మజిలీలో ఎక్కుదామంటే అన్నిసార్లూ కుదరదు. అమెరికాలో 1886 నాటి చట్టం ప్రకారం, విదేశీ జెండా ఉన్న (అంటే వేరే దేశంలో రిజిస్టరైన) ఓడ ఒక అమెరికా రేవులో ఎక్కించుకున్నవాళ్లని, మధ్యలో దూరపు విదేశీ రేవు ఏదీ తాకకుండా, ఇంకో అమెరికా రేవులో దించకూడదు. అంచేత దూరపు విదేశీ రేవు తగలని మామూలు కరేబియన్ క్రూజ్‌లో, మయామీ దగ్గర తప్పిపోయిన ఓడని అమెరికా రేవే అయిన కీ వెస్ట్‌లో ఎక్కి మళ్లీ మయామీలో దిగుతామంటే ఒప్పుకోరు. మీరు ఎక్కిన రేవులోనే దిగి, వేరే ఓడ ఎక్కుతున్నారు గనక మీ పథకానికి ఈ చట్టంతో ఇబ్బంది లేదు. తప్పిపోతేనే అడ్డొస్తుంది.

కాబట్టి పొగమంచు, తుఫానుల రోజుల్లో వెళ్తుంటే మధ్యలో ఒక రాత్రి ఉంచుకోమనే నా సలహా. ఒక హోటల్ గది ఖర్చుతో రెండో క్రూజ్ డబ్బంతా కాపాడుకున్నట్టు. అదే రోజు మారాలని ఉంటే, రెండు క్రూజ్‌లూ ఒకే ప్రయాణంగా ఒకే పాలసీలో ఇన్సూరెన్స్ తీసుకో. కనెక్షన్ తప్పితే ఇచ్చే పరిహారం విమానం ఆలస్యానికేనా, ఓడ ఆలస్యానికీ వర్తిస్తుందా అని వాళ్లని అడిగి, జవాబు మెయిల్‌లో తెప్పించుకో. ఫోన్‌లో చెప్పిన మాట క్లెయిము రోజున నిలబడదు.

వీసా మల్టిపుల్ ఎంట్రీదే కావాలి. విమానం దిగినప్పుడు ఒక ఎంట్రీ, మొదటి ఓడ దేశం దాటి వెనక్కి వస్తే ఇంకో ఎంట్రీ, రెండోది తిరిగొస్తే మరో ఎంట్రీ. సింగిల్ ఎంట్రీ వీసాతో మొదటి క్రూజ్ చివర్లోనే ఆగిపోతారు. ఒకే వీసాతో తిరిగే యూరప్‌లోని షెంగెన్ దేశాలైతే, ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకి మించి ఉండకూడదన్న లెక్క కూడా చూసుకోవాలి. ఇంకోటి, కొన్ని మార్గాల్లో ఓడవాళ్లు పాస్‌పోర్టులు తీసుకుని తమ దగ్గరే ఉంచుకుంటారు. తిరిగి ఇస్తున్నామని ప్రకటించిన రోజే ముగ్గురివీ తెచ్చేసుకోండి. దిగే రోజు పొద్దున ఆ లైన్లో నిలబడే ఓపిక మీకుండదు.

రెండో ఓడ బోర్డింగ్ పాసు, లగేజీ ట్యాగులు ఇంటి దగ్గరే ప్రింటు తీసి పెట్టుకో. ఒక కంపెనీ ఓడలో ఇంకో కంపెనీ కాగితాలు ప్రింటు తీసిస్తారన్న నమ్మకం పెట్టుకోవద్దు. ఫోన్‌లో ఫొటోలుగా కూడా దాచు, సముద్రంలో యాప్ తెరుచుకోకపోవచ్చు. చెక్-ఇన్ సమయం ఎంచుకోమన్నప్పుడు పన్నెండు, ఒంటిగంట మధ్య పెట్టు. అంతకన్నా ముందు వెళ్లినా లాభం తక్కువ. ఆ ఓడలో నిన్నటిదాకా ఉన్నవాళ్లు ఆఖరి మనిషి వరకూ దిగి, లెక్క సున్నాకి వచ్చాకే కొత్తవాళ్లని ఎక్కిస్తారు. లోపల ఒక్కరు నిద్రపోతూ మిగిలినా బయట వందలమంది కూర్చుని ఎదురుచూడాల్సిందే.

ఇక సామాను. దిగే ముందురాత్రి పెద్ద పెట్టెలు కేబిన్ బయట పెడితే సిబ్బంది కిందికి చేరుస్తారు, మరునాడు టెర్మినల్ హాల్లో మీరు వెతుక్కోవాలి. లేదంటే పెట్టెలు మీరే తోసుకుంటూ ముందు బ్యాచ్‌లో దిగిపోవచ్చు. ఓడ మారేవాళ్లకి ఈ రెండో పద్ధతే మంచిది, పెట్టె ఒక్క క్షణం కూడా కళ్లముందు నుంచి పోదు. అందుకే మనిషికి ఒకటి చొప్పున చక్రాల పెట్టెలు, అదీ మధ్యరకంవి తెచ్చుకోండి. లిఫ్టులు కిటకిటలాడే వేళ అది, భారీ పెట్టెలతో రెండు మూడు లిఫ్టులు వదులుకోవాల్సి వస్తుంది.

ట్యాగుల దగ్గర చాలా జాగ్రత్త. పాత ఓడ ట్యాగు, విమానంవాళ్లు అంటించిన బార్‌కోడ్ చీటీలతో సహా, పూర్తిగా తీసెయ్యి. రెండు ట్యాగులున్న పెట్టెని చూసి పోర్టరు ఏది నమ్మాలి? ఏదో ఒకటి నమ్ముతాడు, పెట్టె కాస్తా తప్పు ఓడకి పోతుంది. కొత్త ట్యాగుని గీతల వెంట మడిచి, పిడికి చుట్టి, రెండు చివరలూ కలిపి మూడు పిన్నులు కొట్టి, మీద పారదర్శకమైన టేపు చుట్టు. వాన పడితే వట్టి కాగితం చిరిగిపోతుంది. జిప్పున్న ప్లాస్టిక్ ట్యాగు తొడుగులు దొరికితే ఇంకా నయం. చిన్న స్టేప్లరు, టేపు వెంట ఉంచుకో. పెట్టె లోపల కూడా పేరు, కేబిన్ నంబరు, ఓడ పేరు రాసిన కాగితం ఒకటి వెయ్యి. అయితే కొత్త ట్యాగులు మొదటి ఓడలో ఉండగా కట్టకు. టెర్మినల్ బయటికి వచ్చాకే కట్టు.

రెండో టెర్మినల్ దగ్గర పోర్టర్లకి ఇచ్చిన పెట్టెలు సాయంత్రానికి గాని కేబిన్‌కి చేరవు. పాస్‌పోర్టులు, మందులు, ఒక జత బట్టలు, ఛార్జర్లు, కళ్లద్దాలు చేతిసంచిలోనే ఉండాలి. మందులు రెండు క్రూజ్‌లకీ సరిపోయి, పైన ఇంకో నాలుగు రోజులకి ఉండేటట్టు తెచ్చుకోండి. మాసిన బట్టలు ఆఖరి సముద్రపు రోజు కన్నా ముందే ఉతికించుకో, ఆ రోజు అందరూ అదే పనిలో ఉంటారు. కార్నివాల్, ప్రిన్సెస్ ఓడల్లో చాలావాటిలో మనమే ఉతుక్కునే మెషీన్లు ఉంటాయి. రాయల్ కరేబియన్‌లో ఉండవు, డబ్బిచ్చి ఉతికించుకోవాల్సిందే.

మొదటి ఓడలో ఒప్పుకున్న వస్తువు రెండో ఓడలో ఒప్పుకోకపోవచ్చు. ఎక్స్‌టెన్షన్ బోర్డులు, ఇస్త్రీపెట్టె, కెటిల్ లాంటివాటికి ఏ కంపెనీ జాబితా దానిదే. మొదటి ఓడలో కొన్న మద్యం సీసాలు రెండో ఓడ తనిఖీలో తీసేసుకోవచ్చు, కొన్ని కంపెనీలు తిరిగి ఇవ్వవు కూడా. పళ్లు, మాంసం ఓడలోంచి బయటికి తేవద్దు, కస్టమ్స్ దగ్గర జరిమానా పడొచ్చు. అత్తగారి సంచిలో అరటిపండు మిగిలిందేమో నువ్వే ఒకసారి చూడు.

దిగే ముందురాత్రే బిల్లు పూర్తిగా చదువు. తప్పుంటే గెస్ట్ సర్వీసెస్‌లో అప్పుడే చెప్పాలి, ఓడ దిగాక దిద్దించుకోవడం నెలల పని. ఆన్‌బోర్డ్ క్రెడిట్ (ఓడలో ఖర్చు పెట్టుకోమని కంపెనీ ఖాతాలో వేసే సొమ్ము) వెనక్కివ్వనిది మిగిలితే అక్కడే వాడెయ్యి, రెండో ఓడకి రాదు. రెండు ఓడలూ కార్డు మీద విడివిడిగా డబ్బు బ్లాక్ చేస్తాయి. డెబిట్ కార్డు ఇస్తే మొదటిది విడుదల కాకముందే రెండోది పడి, ఖాతాలో డబ్బుండీ చేతికి రాదు. క్రెడిట్ కార్డే ఇవ్వు.

మీ అత్తగారి వీల్‌చెయిర్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. సాయం కావాలని రెండు కంపెనీలకీ విడివిడిగా రాయండి. మొదటి ఓడ మనిషి టెర్మినల్ బయట కార్లు ఆగే చోటు దాకా తెచ్చి, కుర్చీ వెనక్కి తీసుకుపోతాడు. రెండో ఓడ మనిషి తన టెర్మినల్ తలుపు దగ్గర అందుకుంటాడు. మధ్యలో ఏ కుర్చీ ఉండదు. ఆవిడ పదినిమిషాలు నిలబడలేకపోతే మడిచే వీల్‌చెయిర్ మీరే తెచ్చుకోవడం మేలు. టాక్సీ కూడా పెద్దది, డిక్కీలో కుర్చీ పట్టేది పిలవాలి. పొద్దున ఎనిమిది, పది గంటల మధ్య రేవులో కార్లకి గిరాకీ ఎక్కువ. అల్లుడుగారు కారు కోసం చూస్తుంటే నువ్వు ఆవిడ దగ్గర, పెట్టెల దగ్గర ఉండు.

రెండో ఓడ ఎక్కగానే తిండికన్నా ముందు మస్టర్ స్టేషన్‌కి (ప్రమాదం వస్తే అందరూ గుమిగూడాల్సిన చోటికి) వెళ్లి భద్రతా శిక్షణ పూర్తి చెయ్యండి. మొన్ననే ఇంకో ఓడలో చేశామంటే కుదరదు, గుమిగూడే చోటూ దారులూ ఓడ ఓడకీ వేరు. 2015 నుంచి అంతర్జాతీయ నిబంధన ప్రకారం ఓడ కదిలేముందో కదలగానేనో ఇది ముగించాలి. ఆరోగ్యం గురించి అడిగే ప్రశ్నలకి నిజమే రాయండి. మొదటి ఓడ ఆఖరి రోజుల్లో వాంతులో విరేచనాలో అయితే దాచకుండా డాక్టరుకి చెప్పండి. వాటిని తెచ్చే నోరోవైరస్ ఒక కేబిన్ నుంచి ఓడంతా పాకుతుంది.

రెండు ఓడల పేర్లు, తేదీలు రాసి పంపు. ఏ టెర్మినల్ నుంచి ఏ టెర్మినల్‌కి వెళ్లాలో, ఆ రోజు రేవులో ఇంకా ఎన్ని ఓడలున్నాయో చూసి మళ్లీ రాస్తాను.

మీ పెద్దనాన్న