పిల్లల వైద్యానికి ప్రభుత్వ సాయం తీసుకుంటే గ్రీన్‌కార్డు ఆగిపోతుందా?

సందేహం: మేం న్యూజెర్సీలో ఉంటున్నాం. మావారిది హెచ్‌-1బి (ఉద్యోగ వీసా), నాది హెచ్‌-4 (ఆయన మీద ఆధారపడిన వీసా). ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసే పిటిషన్) ఆమోదమై, ప్రయారిటీ డేట్ (గ్రీన్‌కార్డు వరుసలో మా వంతు) కోసం చూస్తున్నాం. కంపెనీ ఇన్సూరెన్సులో పిల్లల ప్రీమియం బాగా పెరగడంతో, ఇక్కడే పుట్టిన మూడేళ్ల బాబుకి ఎన్‌జే ఫ్యామిలీకేర్ (న్యూజెర్సీలో మెడికెయిడ్, చిప్ అనే ప్రభుత్వ వైద్య బీమాలకున్న పేరు), డబ్ల్యూఐసీ (చిన్నపిల్లలకు, తల్లులకు పోషకాహార సాయం) తీసుకున్నాం. బాబుకి ఆస్తమా ఉంది. ఇండియాలో పుట్టిన మా ఎనిమిదేళ్ల పాపకీ దరఖాస్తు చేద్దామంటే, తెలిసినవాళ్లు ‘పబ్లిక్ ఛార్జ్ కింద గ్రీన్‌కార్డు ఆపేస్తారు, బాబుది కూడా రద్దు చేసుకోండి’ అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: బాబుది రద్దు చేసుకోవద్దమ్మా. వాడు అమెరికా పౌరుడు, ఆ సాయం వాడి సొంత హక్కు. రేపు మీరిద్దరూ ఐ-485 (గ్రీన్‌కార్డు దరఖాస్తు) వేసినప్పుడు వాడికి అందిన వైద్యం మీ లెక్కలోకి రాదు. పౌరులైన పిల్లల సాయాన్ని తల్లిదండ్రులకు అంటగట్టకూడదని ఇప్పటి నిబంధనలోనే స్పష్టంగా ఉంది.

పబ్లిక్ ఛార్జ్ అనేది పాత చట్టమే. బతకడానికి ప్రధానంగా ప్రభుత్వం మీదే ఆధారపడతారనిపిస్తే గ్రీన్‌కార్డు నిరాకరించవచ్చు. ఏ సాయాన్ని లెక్కలోకి తీసుకోవాలన్నదే అసలు ప్రశ్న. 2022 డిసెంబరు 23 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం రెండే రెండు: జీవనానికి నెలనెలా ఇచ్చే నగదు సాయం (వృద్ధులకు, వికలాంగులకు ఇచ్చే ఎస్‌ఎస్‌ఐ, పేద కుటుంబాలకు ఇచ్చే టాన్ఫ్, రాష్ట్రాలు ఇచ్చే అలాంటి నగదు), ప్రభుత్వ ఖర్చుతో నర్సింగ్ హోం వంటి చోట్ల దీర్ఘకాలం ఉండటం. మామూలు మెడికెయిడ్ (తక్కువ ఆదాయం వారి వైద్య బీమా), చిప్ (పిల్లల వైద్య బీమా), డబ్ల్యూఐసీ, బడిలో భోజనం, ఫుడ్ స్టాంపులు వీటిలో లేవు. పైగా అధికారి చూసేది సాయం ఒక్కటే కాదు. వయసు, ఆరోగ్యం, కుటుంబం, ఆస్తులు, చదువు, నైపుణ్యం అన్నీ కలిపి చూడాలని చట్టమే చెబుతుంది. ఉద్యోగం చేస్తూ ఐ-140 ఆమోదం పొందిన మనిషి ఆ తూకంలో తేలిపోడు.

మరి ఈ భయం ఎక్కడిది? 2019లో తెచ్చిన నిబంధన మెడికెయిడ్‌నీ, ఫుడ్ స్టాంపులనీ, ఇంటి అద్దె సాయాన్నీ లెక్కలో చేర్చింది. హెచ్‌-1బి పొడిగింపులకు కూడా మెలిక పెట్టింది. 2020 ఫిబ్రవరిలో అమలైంది, 2021 మార్చిలో పోయింది. అప్పట్లో విన్న మాటలే ఇప్పటికీ తిరుగుతున్నాయి. చాలామంది గమనించనిది ఏమిటంటే, ఆ కఠినమైన నిబంధన కూడా 21 ఏళ్లలోపు పిల్లల మెడికెయిడ్‌ని మినహాయించింది. చిప్‌నీ డబ్ల్యూఐసీనీ ముట్టుకోలేదు.

ఇక పాప సంగతి. తను కూడా రేపు మీతోపాటు గ్రీన్‌కార్డుకి దరఖాస్తు చేసే మనిషే కాబట్టి తన సాయం తన పేరు మీదే ఉంటుంది. అందుకని మీరు సందేహించడంలో అర్థముంది. అయినా దరఖాస్తు చేయమనే చెబుతాను. చట్టబద్ధంగా నివసించే పిల్లలకు ఐదేళ్ల నిరీక్షణ లేకుండా వైద్యం ఇచ్చే వెసులుబాటు 2009లో రాష్ట్రాలకు వచ్చింది. న్యూజెర్సీ దాన్ని వాడుకుంటోంది. పేదరిక రేఖకు 355 శాతం వరకూ ఆదాయం ఉన్న ఇళ్ల పిల్లలకు ఇస్తోంది కనుక, ఉద్యోగం ఉన్నవాళ్లకు దొరకదన్నది కూడా నిజం కాదు.

2022 నిబంధనను రద్దు చేస్తామంటూ హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ 2025 నవంబరులో ప్రతిపాదన ప్రచురించింది. ఏవి లెక్కించాలో జాబితా లేకుండా అధికారుల విచక్షణకే ఎక్కువ వదిలేయడం దాని ధోరణి. అందుకే ఐ-485 వేసే వారంలో అప్పటికి ఏ నిబంధన అమల్లో ఉందో మీ అటార్నీతో మళ్లీ సరిచూసుకోండి. మీరిద్దరూ మాత్రం మీ పేరు మీద ఏ నగదు సాయానికీ వెళ్లకండి.

నన్ను నిజంగా భయపెట్టేది ఫ్యామిలీకేర్ దరఖాస్తులోని ఒక చిన్న గడి. కుటుంబంలో ఒక్కొక్కరి గురించి ‘అమెరికా పౌరులా?’ అని అడుగుతారు. బాబుకి అవునని టిక్ పెట్టిన ఊపులో పాపకో, మీకో కూడా పెట్టేస్తుంటారు. ఫోన్లో నింపే ఏజెంటు కూడా తొందరలో అలా చేయొచ్చు. పౌరుడినని తప్పుగా చెప్పుకోవడం వలస చట్టంలో మినహాయింపు దాదాపు దొరకని నేరం. సాయం తీసుకోవడం కన్నా ఇదే గ్రీన్‌కార్డుకి అసలు గండం. పంపేముందు ఆ పేజీని గట్టిగా చదవండి, కాపీ దాచుకోండి, తప్పు కనబడితే వెంటనే రాతపూర్వకంగా సరిచేయించండి. మీ కోసం సాయం అడగనప్పుడు మీ హోదా వివరాలు రాయనక్కర్లేదు. ‘నాకు కాదు, పిల్లలకు మాత్రమే’ అన్న చోట టిక్ పెడితే చాలు.

ఒకవేళ మీ పరిచయస్తుల్లో వలస హోదా (స్టేటస్) పోయినవాళ్లు ఉంటే, ఇదే సలహా వాళ్లకు యథాతథంగా చెప్పకండి. 2025లో మెడికెయిడ్ వివరాలు కేంద్రం నుంచి వలస అధికారులకు చేరాయి. దాని మీద రాష్ట్రాలు కోర్టుకెక్కాయి. అలాంటి కుటుంబాలు ముందుగా వలస కేసులు చూసే లాయరుతో విడిగా మాట్లాడుకోవాలి. ఒక్కటి మాత్రం వాళ్లకూ వర్తిస్తుంది: ప్రాణం మీదికొస్తే ఎమర్జెన్సీ గదికి వెళ్లడానికి హోదా అడ్డు కాదు. 1986 నుంచి ఆసుపత్రులు పరీక్షించి, పరిస్థితి కుదుటపడేవరకూ చూడాల్సిందే.