వాజిలిన్ రాసే ముందు

బుజ్జమ్మా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. సంక్రాంతి సెలవులకి ఇంకో పది రోజులు కలుపుకుని కడియపులంక వెళ్తావట, పువ్వుల ఫోటోలు తీస్తావట. అవీ మామూలుగా కాదట, సాఫ్ట్ ఫోకస్‌లో, మంచులోంచి చూసినట్టు. "నీ పిచ్చే దీనికీ పట్టింది అన్నయ్యా" అంది. తిట్టినట్టే అంది కానీ మురిసిపోతోందని తెలుస్తూనే ఉంది. ఫోన్ పెట్టేశాక అటకెక్కి స్లైడ్ల పెట్టె దించాను. మోకాళ్లు ఇప్పటిదాకా నొప్పి.

తెలిసినవి ముందు చెప్పేస్తాను. ట్రైపాడ్ తెచ్చుకో. బ్యాటరీలు రెండు పెట్టుకో. పొద్దున్న ఆరున్నరకల్లా తోటలో ఉండు, ఎండెక్కేకొద్దీ గాలి లేస్తుంది, ఆపైన ఏ పువ్వూ కుదురుగా నిలవదు. ఎండ సూటిగా పడుతుంటే మధ్యలో తెల్ల పంచె అడ్డం పట్టించు, గొడుగుల మీద డబ్బు తగలెయ్యకు.

ఇంకొకటుంది, ఇది మాత్రం నవ్వుకోకుండా చదువు. ఏ తోటలో అడుగు పెట్టినా ముందు మందు ఎప్పుడు కొట్టారో అడుగు. నిన్న కొట్టామంటే ఆ తోటకి దణ్ణం పెట్టి పక్క తోటకి పో. మూడేళ్లప్పుడు కనిపించిన పువ్వునల్లా ముక్కుకి రుద్దుకునేదానివి. మాక్రో, అంటే బాగా దగ్గర్నుంచి ఫోటోలు తీసేవాళ్ల బుద్ధి కూడా అంతే, మొహం తీసుకెళ్లి పువ్వులో పెడతారు. అక్కడ చామంతి మళ్ల మధ్య వంగి కూర్చునే నిన్ను తలుచుకుంటే నాకు ఈ ఒక్క విషయంలోనే టెన్షన్.

ఇప్పుడు అసలు సంగతి. మీ అమ్మకి కూడా పూర్తిగా తెలీదు.

1996 జనవరి. స్టూడియో పెట్టి ఆరేళ్లు. పెళ్లిళ్లు, పాస్‌పోర్టు ఫోటోలు తీసి తీసి విసుగెత్తి ఉన్నాను. ఒకరోజు కడియం వైపు నర్సరీ రైతు ఒకాయన వచ్చాడు. తన గులాబీలకి పుస్తకం వేయించాలట, దూరపు ఊళ్ల వాళ్లు బొమ్మ చూసి ఆర్డరు పెట్టేలా. మొత్తం ఇరవై నాలుగు రకాలు. అందులో ఒకటి ఆయన సొంతం. ఎర్ర గులాబీ చెట్టుకి ఒక కొమ్మ మాత్రం రంగు మారి నారింజ రంగు పువ్వు పూసిందట. రేకు అంచున దారం పోగులాగ సన్నటి తెల్ల గీత. ఆ కొమ్మ కన్ను తీసి అంటు కట్టి, నాలుగేళ్లు సాకి, పదకొండు మొక్కలు చేశాడు. పేరు కూడా పెట్టలేదు, "మాది" అనేవాడు.

సరిగ్గా ఆ నెలలోనే నేను ఓ పాత విదేశీ పత్రికలో ఇమాగాన్ అనే సాఫ్ట్ ఫోకస్ లెన్సు గురించి చదివాను. 1930ల్లో జర్మనీలో రోడెన్‌స్టాక్ వాళ్లు చేసింది. దానికి జల్లెడలాంటి చిల్లుల బిళ్ల ఉంటుంది. నడిమి పెద్ద చిల్లు బొమ్మకి పదును ఇస్తుంది, చుట్టూ ఉన్న చిన్న చిల్లులు ఆ పదును మీద వెలుగు పొర పరుస్తాయి. నేను వెలుగు సంగతి చదివాను, నడిమి చిల్లు సంగతి వదిలేశాను. ఆ వెలుగు కోసం లెన్సు ముందు తగిలించే గాజు, అదే యూవీ ఫిల్టర్, దాని నిండా వేలితో వాజిలిన్ రాశాను. మధ్యలో చోటు వదల్లేదు. పైగా ఆ జిడ్డులోంచే ఫోకస్ చేశాను. వ్యూఫైండర్‌లో అంతా మెరుస్తోంది, నా కళ్లూ మెరుస్తున్నాయి. ఆయన, ఆయన భార్య కుండీలు మోసి తెస్తుంటే "కొంచెం ఎడమకండి, కొంచెం వెనక్కండి" అంటూ మూడు రోళ్లు స్లైడ్ ఫిల్ము ఖర్చు పెట్టాను.

మద్రాసులో కడిగించి తెప్పించేసరికి పది రోజులు. కిందనుంచి వెలుగొచ్చే లైట్‌బాక్స్ మీద స్లైడ్లు పరిచాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కొక్కటీ వంగి చూశాడు.

"చాలా బావున్నాయి బాబూ. ఇందులో మాదేదండి?"

చూపించాను. చాలాసేపు చూశాడు.

"గీత కనపడట్లేదు కదండీ."

"అది ఆర్ట్ అండి" అన్నాను. నిజంగా ఆ మాటే అన్నాను బుజ్జీ.

ఆయన ఇంకేం అనలేదు. జేబులోంచి డబ్బు తీసి మొత్తం ఇచ్చేసి, "వచ్చే సీజన్‌కి మళ్లీ తీద్దాం లెండి" అని వెళ్లిపోయాడు. ఆ నవంబరు 6న తుపాను వచ్చింది. నేను డిసెంబరులో వెళ్లేసరికి ఆయన షెడ్డు ఉన్నచోట వాసాలు కుప్పేసి ఉన్నాయి. ఆ పదకొండు మొక్కల్లో ఒక్కటీ మిగల్లేదు. నా స్లైడ్ ఉందిగా, పదిహేడో నంబరు. నారింజ రంగు మరక. ఫిల్టర్ విప్పి ఒక్కటి మామూలుగా తీసుంటే అర నిమిషం పట్టేది.

అందుకని చెప్తున్నా, ఏ పువ్వైనా ముందు ఉన్నదున్నట్టు ఒకటి తీసుకో. ఆ తర్వాత నీ ఇష్టం. పదునుగా ఉన్న ఫోటోని కంప్యూటర్లో ఎంతైనా మెత్తబరచొచ్చు, పదును మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు.

సాఫ్ట్ ఫోకస్ అంటే ఫోకస్ తప్పడం కాదు. కింద బొమ్మ గట్టిగా ఉండాలి, పైన వెలుగు పరుచుకోవాలి. వాజిలినే కావాలంటే పాత ఫిల్టర్ మీద రాయి, లెన్సు గాజుకి తగిలిందో నేనూరుకోను. మధ్యలో రూపాయి బిళ్లంత శుభ్రంగా వదులు. ఫోకస్ చేశాకే ఫిల్టర్ తగిలించు. ఎపర్చర్, అదే లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం, బాగా తెరిచి ఉంచు, ఎఫ్ 8కో ఎఫ్ 11కో మూసేస్తే వెలుతురు నడిమి గాజులోంచే వస్తుంది, రాసిన జిడ్డంతా దండగ. వాజిలిన్ బదులు లెన్సుకి మేజోడు గుడ్డ కడతావా, నల్లది కట్టు, తెల్లది రంగులన్నీ పాలిపోయేలా చేస్తుంది. ఈ గొడవేదీ వద్దనుకుంటే పక్క కొమ్మ ఆకునో రేకునో లెన్సుకి ఆనేంత దగ్గర పెట్టుకుని దాని పక్కనుంచి తీసి చూడు. నాకైతే ఇప్పటికీ అదే ఇష్టం.

వెలుగు పరుచుకోవాలంటే వెనక చీకటి ఉండాలి. లిల్లీ పువ్వుని ముదురు ఆకుల ముందు పెట్టి తియ్యి, తెల్లటి ఆకాశం ముందు పెడితే ఏమీ మిగలదు. మందారం తీసేటప్పుడు ఎక్స్‌పోజర్ ఒక స్టాపు తగ్గించు, అంటే వెలుతురు సగానికి. డిజిటల్లో ఎరుపు ముందే నిండిపోయి రేకుల్లో ఈనెలు మాయమవుతాయి.

కంపోజిషన్ గురించి యూట్యూబ్‌లో నీకు బోలెడు దొరుకుతాయి, మూడు భాగాలు, గీతలు, ఇంకేవేవో. నేనైతే పువ్వుని కాసేపు వదిలేసి దాని వెనక చూస్తాను. నల్ల పాలిథిన్ కవరు, వెదురు పుల్ల, నీళ్ల పైపు, నర్సరీలో ఇవి లేని మూల ఉండదు. అరడుగు పక్కకి జరిగితే చాలు పోతాయి. పువ్వు ఎటు చూస్తోందో అటు కాస్త జాగా వదులు. బాగా దగ్గరికెళ్లి, పువ్వు సగం సైజులో సెన్సార్ మీద పడేలా పెట్టి ఎపర్చర్ బాగా తెరిచి ఎఫ్ 2.8లో తీస్తే పదునుగా వచ్చేది సుమారు ఒక మిల్లీమీటరు. ఆ మిల్లీమీటరు ఎక్కడ పెట్టాలో నువ్వే తేల్చుకోవాలి. పుప్పొడి మీదా, రేకు అంచు మీదా? నా ఓటు ఎటో నీకు తెలుసుగా. గ్లిజరిన్ చుక్కలు మాత్రం చల్లకు, మంచు ఉచితంగా పడే నెలలో ఆ ఖర్మేంటి!

ఉద్యోగం మానేసే ఆలోచన కూడా ఉందని మీ అమ్మ అనుమానం. ఇప్పుడే అడగను. ఫోటోలు చూశాక అడుగుతాను.

కడియంలో ఎక్స్‌ప్రెస్‌లు ఎక్కువ ఆగవు, రాజమండ్రిలో దిగు. స్కూటర్ మీద వస్తాను. పంచె నేను తెస్తాలే.

మీ మావయ్య