రోజూ రెండు బీర్లే, అయినా లివర్ ఎంజైములు పెరిగాయి: సమాధానం

కారణం చాలావరకు ఆ బీరే అయి ఉంటుంది. విస్కీ ముట్టను, రోజూ రెండు బీర్లే అన్నారు కదా. లివర్‌కు ఆ తేడా తెలియదు, లోపలికి వెళ్లిన ఆల్కహాల్ ఎంతన్నదే లెక్క.

1. చాలామంది వదిలేసేది ఈ లెక్కనే. సీసాలు కాదు, లేబుల్ మీద శాతం చూడండి. మిల్లీలీటర్లను శాతంతో గుణించి 100తో భాగించండి, దాన్ని 0.8తో గుణిస్తే గ్రాములు వస్తాయి. 500 మి.లీ., 5 శాతం బీరులో 20 గ్రాములు, అంటే దాదాపు రెండు 30 మి.లీ. విస్కీ పెగ్గులు. మీరు రోజూ నాలుగు పెగ్గులు తాగుతున్నట్టే! 8 శాతం స్ట్రాంగ్ బీరైతే ఆరు దాటుతుంది.

2. ఈ గ్రాముల లెక్క డాక్టర్‌కు దాచకుండా చెప్పండి. ఫ్యాటీ లివర్, హెపటైటిస్, వాడే మందులు కూడా చూడాలి.

3. కొన్ని వారాలు పూర్తిగా ఆపి, మళ్లీ టెస్టు చేయించండి.

అయితే తాగని పూట చేతులు వణకడం, చెమటలు పట్టడం ఉంటే మాత్రం సొంతంగా ఒక్కసారిగా ఆపకండి, ఫిట్స్ రావచ్చు. ముందు డాక్టర్‌ను కలవండి.