చేతి పిడి మోటారు పడవకు ఎన్ని హెచ్‌పీ వరకు?

ప్రశ్న: పులికాట్‌లో వేటకు మాకు 16 అడుగుల ఫైబర్ పడవ ఉంది. అడుగు చదును, పక్క అంచులు మొనదేలి ఉంటాయి. మోటారు బిగించే వెనక పలక ఎత్తు 15 అంగుళాలు, వెడల్పు 54 అంగుళాలు. ఇప్పుడున్నది 15 హెచ్‌పీ. చేత్తో పిడి పట్టి నడిపే 40 హెచ్‌పీ పాత మోటారు తక్కువ ధరకు వస్తోంది. తీసుకోవచ్చా?
— ఒక పాఠకుడు, తడ

జవాబు: వద్దండి. మీ పడవకు 25 దాటకూడదు.

20 అడుగుల లోపు పడవలకు అమెరికా కోస్ట్‌గార్డ్ నిబంధనల్లో ఒక లెక్క ఉంది. అక్కడ ఆ అంకెను పడవకే ఒక రేకు మీద రాసి అతికిస్తారు. మన దగ్గర కట్టించుకునే పడవలకు మనమే టేపు పట్టి వేసుకోవాలి. పొడవును వెడల్పుతో అడుగుల్లో గుణించండి. వెడల్పును వెనక పలక మీద ఎక్కడ ఎక్కువ ఉంటే అక్కడ కొలవాలి. పూర్తి పలక లేని పడవకైతే వెనక పావు భాగంలో ఎక్కడ ఎక్కువ వెడల్పుంటే అక్కడ కొలవాలి. మీకు 16 × 4.5 = 72. ఈ అంకె 52 దాటినప్పుడు, చేతి పిడితో నడిచే చదును అడుగు పడవకైతే అందులో సగం తీసుకుని 15 తగ్గించాలి. 36లో 15 పోతే 21. దాన్ని పైనున్న 5 గుణిజానికి పెంచుకోవచ్చు కనుక 25. అడుగు గుండ్రంగానో కోసుగానో ఉంటే 0.8తో గుణించి 25 తీసేస్తారు, అప్పుడు 32.6 వస్తుంది, అంటే 35. వెనక పలక ఎత్తు కనీసం 20 అంగుళాలుండి, స్టీరింగ్‌తో నడిపే పడవకైతే రెట్టింపు చేసి 90 తీస్తారు. అది 54, అంటే 55.

పొడవు వెడల్పులు అవే అయినా ఒకచోట 25, ఇంకోచోట 55 ఎందుకంటే, పిడి పట్టుకున్న మనిషి మోటారు పక్కనే కూర్చోవాలి. 40 హెచ్‌పీ టూ స్ట్రోక్ మోటారు 70 కిలోల పైమాటే. మీ 15 హెచ్‌పీ దాదాపు అందులో సగం. దానికి నడిపే మనిషి, పెట్రోలు ట్యాంకు కలిస్తే బరువంతా వెనకే. గట్టిగా రేస్ ఇస్తే పడవ ముక్కు లేస్తుంది, ఎదుట ఉన్న వల గానీ చిన్న తెప్ప గానీ కనిపించదు. ఒక్కసారిగా రేస్ తగ్గిస్తే ఇంకా ప్రమాదం. పడవ ఆగుతుంది కానీ వెనక వస్తున్న దాని అల ఆగదు, 15 అంగుళాల పలక దాటి లోపలికి వచ్చేస్తుంది.

మలుపు సంగతి మరీ ముఖ్యం. చదును అడుగు పడవ వేగంగా తిరిగేటప్పుడు ముందు పక్కకు జారుతుంది, ఆ తర్వాత బయటి వైపు అంచు ఠక్కున నీళ్లలో పట్టుకుంటుంది. ఆ కుదుపుకి పిడి పట్టుకున్న మనిషి బయటికి ఎగిరిపోతాడు. పిడి వదిలిన మోటారు, నీళ్లలో ఫ్యాను (ప్రొపెల్లర్) తిరిగే బలానికి ఒక పక్కకు పూర్తిగా తిరిగిపోతుంది. పడవ సుడి కొట్టుకుంటూ నీళ్లలో పడ్డవాడి మీదికే వస్తుంది. 15తో బతికి బయటపడే తప్పు 40తో ప్రాణం తీస్తుంది.

కొనేముందు షాఫ్ట్ (మోటారు తల నుంచి ఫ్యాను దాకా దిగే కాడ) పొడవు కూడా కొలవండి. 20 అంగుళాల పలక కోసం చేసిన లాంగ్ షాఫ్ట్‌ను 15 అంగుళాల పలకకు తగిలిస్తే ఫ్యాను 5 అంగుళాలు ఎక్కువ లోతుకు దిగుతుంది. లోతు తక్కువున్న పులికాట్‌లో బురద దున్నుతుంది. ఫ్యాను పైనుండే అడ్డ రేకు పడవ అడుగుకు సమంగా గానీ, ఒక అంగుళం కిందికి గానీ ఉండాలి.

ప్రశ్న: 40 పెట్టుకుని సగం రేస్‌తోనే నడిపితే?
— అదే పాఠకుడు

జవాబు: రేస్ తగ్గించినా బరువు తగ్గదు కదా. పైగా రేస్ మీ గుప్పిట్లోనే ఉంటుంది. అల తగిలి మీరు వెనక్కి తూలితే పిడి మెలి తిరిగి రేస్ పెరిగిపోవచ్చు. రేపు మీ తమ్ముడో పనివాడో నడుపుతాడు, అతనికి మీ హద్దు తెలియదు. పడవ, మోటారు, ముగ్గురు మనుషులు, వల అన్నీ కలిపి 450 కిలోలనుకుంటే, నీటి పైకి లేచి పరుగెత్తడానికి సుమారు 20 కిలోలకు ఒక హెచ్‌పీ చొప్పున 25 హెచ్‌పీ చాలు.

ప్రశ్న: 25 వేస్తే పలక తట్టుకుంటుందా?
— అదే పాఠకుడు

జవాబు: స్క్రూడ్రైవర్ పిడితో పలకంతా తట్టి చూడండి. గట్టిగా టక్ టక్ అంటే మంచిదే. మొద్దుగా పలికిన చోట లోపలి ప్లైవుడ్ నాని కుళ్లిందన్నమాట. మోటారు తలను పట్టుకుని ముందుకూ వెనక్కీ ఊపండి. పలక కదిలినా, మూలల్లో వెంట్రుకంత పగుళ్లు కనిపించినా ముందు పలక మార్పించండి. క్లాంపు మరల మీదే ఆధారపడకుండా స్టెయిన్‌లెస్ బోల్టులు ఆరపార వేయించి, లోపలివైపు వెడల్పాటి వాషర్లు పెట్టండి. రంధ్రాల్లో సీలెంట్ తప్పనిసరి, పలక కుళ్లడం మొదలయ్యేది అక్కడి నుంచే. మొదటి అరగంట నడిపాక మరలు మళ్లీ బిగించండి. కిల్ స్విచ్ తాడు ఎప్పుడూ మణికట్టుకో లైఫ్ జాకెట్‌కో తగిలి ఉండాలి. తాడు లాగితే ఇంజను ఆగుతోందో లేదో ఒడ్డు దగ్గరే చూసుకోండి. వెనక్కి నడిపే అవసరం లేనప్పుడు టిల్ట్ లాక్ వేసి ఉంచొద్దు. ఇసుక మేట తగిలితే మోటారు పైకి లేవాలి, లేకుంటే ఆ దెబ్బంతా పలక మీదే పడుతుంది. పక్షుల అభయారణ్యం పరిధిలో మోటారు వాడే ముందు అటవీ శాఖను అడగండి.

ప్రశ్న: ఆరణియార్ జలాశయంలో నడిపే మా 12 అడుగుల పడవ వెనక వెడల్పు మూడున్నర అడుగులు. అడుగు చదును. మోటారు 5 హెచ్‌పీ. పిడి మీద పట్టు సడలిస్తే పడవ ఎడమకు లాగేస్తోంది.
— ఒక పాఠకుడు, పిచ్చాటూరు

జవాబు: 12 × 3.5 = 42. 52 దాటని అంకెలకు అవే అమెరికా నిబంధనల్లో ఒక పట్టిక ఉంది. 42కు అందులో 7.5 హెచ్‌పీ, చదును అడుగు కనుక ఒక మెట్టు దిగి 5. మీ మోటారు సరిపోయింది, పెంచకండి. లాగడానికి కారణం చాలావరకు ఫ్యాను పైన ఉండే చిన్న రెక్క, ట్రిమ్ ట్యాబ్. మీ మోటారుకు అది ఉంటే ఇంజను ఆపి, బోల్టు వదులు చేసి, పడవ ఎటు లాగుతోందో రెక్క వెనక కొసను అటే, అంటే ఎడమకే, కొద్దిగా జరిపి బిగించండి. నడిపి చూసి, అవసరమైతే మళ్లీ కొంచెం జరపండి. అది లేని మోటారైతే పిడి బిగువు సర్దే మరను కొద్దిగా బిగించాలి. పిడి తిప్పడానికి చెయ్యి నొప్పెట్టేంత బిగించవద్దు.