పాత ఆర్కేడ్ యంత్రంలో ఐదు వోల్టులు ఎక్కడ కొలవాలి?

పవర్ సప్లై దగ్గర 5.02 వోల్టులు చూపిస్తున్నా ఆట మధ్యలో దానంతట అదే రీసెట్ అవుతోంది, నాబ్ తిప్పి 5.3 దాకా పెంచవచ్చా అని అడిగారు. పెంచకండి. ముందు మీరు కొలిచే చోటు మార్చండి. సప్లై దగ్గర ఎంత ఉన్నా, ఆటను నడిపే సర్క్యూట్ బోర్డు మీది చిప్‌కు అందేదే లెక్క.

మీది జమ్మా (ఆర్కేడ్ బోర్డును క్యాబినెట్‌కు కలిపే ఉమ్మడి ప్రమాణం) వైరింగ్ ఉన్న క్యాబినెట్ అన్నారు. 1985లో వచ్చిన ఆ ప్రమాణం ప్రకారం బోర్డు అంచున 56 పిన్నుల కనెక్టరు ఉంటుంది. అందులో ఐదు వోల్టులకు నాలుగు పిన్నులు, గ్రౌండ్‌కు, అంటే కరెంటు సప్లైకి తిరిగి వెళ్లే దారికి, ఎనిమిది కేటాయించారు. ఆ కాలపు బోర్డులు చాలావరకు మూడు, నాలుగు ఆంపియర్లు లాగుతాయి కాబట్టే అన్ని పిన్నులు. దారిలో 0.05 ఓముల నిరోధం ఉంటే చాలు, నాలుగు ఆంపియర్ల దగ్గర 0.2 వోల్టులు అక్కడే హరించుకుపోతాయి. ఈ బోర్డుల మీద ఉండే 74 శ్రేణి టీటీఎల్ (ఒక రకం లాజిక్) చిప్‌లకు కావలసినది 4.75 నుంచి 5.25 వోల్టుల లోపు. అంతకంటే తగ్గితే బొమ్మలు చెదురుతాయి, బోర్డు రీసెట్ అవుతుంది.

డాలస్‌లో మా గరాజులో ఉన్న క్యాబినెట్‌లో 1991 నాటి స్ట్రీట్ ఫైటర్ 2 బోర్డు ఉంది. దానికీ ఇదే జబ్బు. సప్లై దగ్గర 5.03, కనెక్టరుకు దూరంగా ఉన్న ఒక చిప్ దగ్గర 4.71. ఆ తేడా ఎక్కడ పోతోందో చూడటానికి మీటరు ఎర్ర మొనను బోర్డు గ్రౌండ్ మీద, నల్ల మొనను సప్లై గ్రౌండ్ మీద పెట్టాను. సున్నా ఉండవలసిన చోట 0.14 చూపించింది. చాలామంది ఐదు వోల్టుల తీగనే అనుమానిస్తారు, గ్రౌండ్ వైపు చూడరు. కనెక్టరు విప్పితే ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు మాడి ఉంది. పైగా ఐదు వోల్టుల పిన్నులు నాలుగింటిలో ఒక్కదానికే, అదీ సన్నటి తీగ వేశారు. కనెక్టరు మార్చి, బోర్డు అంచును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, అన్ని పిన్నులకూ లావుపాటి తీగలు వేశాక చిప్ దగ్గర 4.97కు వచ్చింది. అప్పటిదాకా నాబ్ ముట్టుకోలేదు.

మీరు కొలిచేటప్పుడు బోర్డు పెట్టి, ఆట నడుస్తూ ఉండాలి. లోడు లేకుండా ఈ సప్లైలు చూపే అంకె నమ్మదగినది కాదు. 14 కాళ్ల 74 శ్రేణి చిప్‌లలో సాధారణంగా 7వ కాలు గ్రౌండ్, 14వది ఐదు వోల్టులు. 16 కాళ్ల వాటిలో 8, 16. చిప్ మీది గాడి పైకి ఉండేలా పై నుంచి చూస్తే, గాడి పక్కన ఎడమ కాలు ఒకటోది. మీటరు మొన జారి పక్క కాలికి తగిలితే చిప్ పోవచ్చు, జాగ్రత్త.

తీగలు బాగు చేయకుండా నాబ్ పెంచితే మాడుతున్న పిన్ను మాడుతూనే ఉంటుంది. రేపు తక్కువ కరెంటు లాగే వేరే బోర్డు పెట్టారంటే, ఆ 5.3 దాదాపు అంతా దాని చిప్‌లకు చేరుతుంది. ముప్పై ఏళ్ల నాటి కస్టమ్ చిప్ (ఆ బోర్డుల కోసమే ప్రత్యేకంగా చేసినది) ఒకటి పోతే చాలాసార్లు ఇంకో బోర్డు నుంచి పీకి తెచ్చుకోవడం తప్ప దారి ఉండదు. నన్ను నిజంగా బాధపెట్టేది ఇదే.

అన్నీ సరిచేశాక చిప్ దగ్గర 5.00, 5.05 మధ్య వచ్చేలా ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తో నాబ్‌ను మెల్లగా తిప్పండి. ఈ సప్లైలలో నాబ్‌తో పాటు 12 వోల్టుల లైను కూడా కదులుతుంది. అది 12.6 దాటకుండా చూడండి. వోల్టేజీ సరిగ్గా ఉన్నా రీసెట్ ఆగకపోతే మీటరును ఏసీలో పెట్టి అదే చోట కొలవండి. 50 మిల్లీవోల్టులు మించి ఉంటే సప్లైలోని కెపాసిటర్లు ముసలివైపోయాయని అనుమానించాలి.

ఇంటి కరెంటు తీగలు కూడా సప్లై మీద తీగలు బిగించే స్క్రూల వరుసలోనే ఉంటాయి, చెయ్యి తగలనివ్వకండి. పిక్చర్ ట్యూబు వైపు అసలు వెళ్లకండి. యంత్రం అమెరికా నుంచి ఇండియాకు తెచ్చినదైతే, ప్లగ్ పెట్టే ముందే సప్లై మీది 115/230 స్విచ్ ఎటు ఉందో, మానిటరుకు కరెంటు ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ 230 వోల్టులు తట్టుకుంటుందో లేదో చూసుకోండి.

చిప్ దగ్గర వచ్చిన అంకె, రెండు గ్రౌండ్‌ల మధ్య వచ్చిన అంకె, ఆట పేరు ఇక్కడ రాస్తే తర్వాత ఏం చేయాలో చెబుతాను.