సర్దారు (కూలీలను పోగుచేసి తెచ్చే మేస్త్రీ) అడ్వాన్స్ ఇచ్చి తెచ్చిన కూలీలతో పని చేయిస్తే వెట్టిచాకిరీ అవుతుందా?

అడ్వాన్స్ తీరేదాకా పని మానడానికి వీల్లేదన్నా, ఆ వంకన కనీస వేతనం కన్నా తక్కువ ఇచ్చినా అది వెట్టిచాకిరీయే. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం అలాంటి బాకీ చెల్లదు. చేయించినవాళ్లకు మూడేళ్ల దాకా జైలు, తోడ్పడినవాళ్లకూ అదే శిక్ష.

ఒడిశాలోని రాయగడలో లాడ్జీలకు హౌస్‌కీపింగ్ చేసే చిన్న కంపెనీ ఉందనుకోండి. దుప్పట్లు ఉతికే పని బయటికిచ్చింది. అక్కడి కూలీలను బిస్సంకటక్ వైపు పల్లెల నుంచి సర్దారు తెచ్చాడు. వాళ్ల ఏటీఎం కార్డులు అతని సంచిలోనే ఉంటాయి. జీతం బ్యాంకులో పడ్డట్టు కాగితం చూపిస్తుంది, డ్రా చేసేది మాత్రం సర్దారు. కాబట్టి మస్టర్ రోలు (కూలీల హాజరు పట్టీ) చూసి బిల్లు పాస్ చేస్తే చాలదు. అతను పక్కన లేనప్పుడు ఒడియాలోనో, కువి అనే అక్కడి ఆదివాసీ భాషలోనో "కార్డు ఎవరి దగ్గరుంది? ఇంటికెళ్తానంటే పంపిస్తారా?" అని కూలీలనే అడగాలి. ఉతికే పని తీసుకునేవాళ్లు రేటు మరీ తక్కువకు కోట్ చేసినా (అదే మనకు ముద్దొస్తుంది) అనుమానించాల్సిందే.

"ఇష్టపడే వచ్చారు, తాళాలేసి ఉంచలేదుగా" అనుకోవడం మామూలు పొరపాటు. గతిలేక కనీస వేతనం కన్నా తక్కువకు ఒప్పుకున్నా, అది రాజ్యాంగం 23వ అధికరణ నిషేధించిన బలవంతపు పనేనని సుప్రీంకోర్టు 1982లోనే తేల్చింది. అలాంటిది కనబడితే కలెక్టరుకో సబ్ కలెక్టరుకో చెప్పాలి.