గంటకు ఎంత అడగాలి?

అమ్మాయీ,

ఉత్తరం అందింది. ఉద్యోగం మానేసి సొంతంగా డేటాబేస్ పనులు ఒప్పుకోవాలని నిశ్చయించుకున్నందుకు సంతోషం. మొదటి క్లయింటు గంటకు ఎంత తీసుకుంటారని అడిగితే నీళ్లు నమిలి, రెండు రోజుల్లో చెబుతానన్నావట. అందులో తప్పేమీ లేదు. ఆ తర్వాత కూర్చుని వేసుకున్న లెక్కే తప్పు. నెల జీతాన్ని 160 గంటలతో భాగించి, పైన పదో పరకో కలిపి, అదే నా రేటు అని రాశావు. మొదట్లో నేనూ సరిగ్గా అదే చేశాను. ఆ ఏడాదంతా ఒక్క వారమైనా ఖాళీగా ఉన్నట్టు గుర్తులేదు. చివరికి చూసుకుంటే, ఖర్చులు పోగా చేతిలో మిగిలింది పాత జీతంలో సగానికి అటూ ఇటూగా ఉంది.

మిగతా సగం ఎక్కడికి పోయిందో చెబుతాను. ఏడాదికి 52 వారాలు, వారానికి 40 గంటలు, మొత్తం 2,080. ఉద్యోగంలో వీటన్నింటికీ జీతం వస్తుంది, నువ్వు సెలవులో ఉన్నా, మీటింగులో ఆవలిస్తూ కూర్చున్నా. ఇకపై ఆ సుఖం లేదు. సెలవులకూ పండుగలకూ జ్వరాలకూ కలిపి ఏడు వారాలు తీసెయ్యి, 45 మిగులుతాయి. ఆ 45 వారాల్లోనూ రోజంతా అమ్ముడుపోదు. కొత్త పనుల కోసం మాట్లాడాలి, అంచనాలు రాసివ్వాలి, బిల్లులు పంపాలి, రాని బాకీలను గుర్తుచేయాలి, కొత్త వెర్షనులో ఏమి మారిందో చదువుకోవాలి. వీటికి ఎవరూ పైసా ఇవ్వరు. నా అనుభవంలో వారానికి 25 గంటలకు బిల్లు వేయగలిగితే ఆ వారం బాగా గడిచినట్టే. 45ను 25తో హెచ్చవేస్తే 1,125. నీ దగ్గర అమ్మకానికి ఉన్న గంటలు అవే.

ఇప్పుడు భాగహారంలో పై అంకె చూడు. పన్ను కోయకముందు నీకు వచ్చే ఏడాది జీతం 100 అనుకో. బీమాకూ పదవీ విరమణ పొదుపుకూ యజమాని విడిగా పెట్టిన ఖర్చు ఇక నీ నెత్తినే పడుతుంది, దానికి 20 వేసుకో. కంప్యూటరు, సాఫ్ట్‌వేరు, పన్ను లెక్కలు చూసేవారి ఫీజు కలిపి 10. పని దొరకని నెలల కోసం పక్కన పెట్టేది మరో 10. మొత్తం 140. ఇవి నేను ఉజ్జాయింపుగా వేసినవి, నీ ఇంటి ఖర్చులను బట్టి మార్చుకో. ఈ 140ని 1,125తో భాగిస్తే వచ్చేది, జీతాన్ని 2,080తో భాగిస్తే వచ్చేదానికి రెండున్నర రెట్ల పైనే. చూడగానే గుండె జారుతుందని తెలుసు. అయినా ఇందులో లాభమన్నది లేదు. ఉద్యోగంలో ఉన్నప్పుడు బతికినట్టే బతకడానికి అయ్యే ఖర్చు ఇది. ఇంతకంటే తక్కువకు ఒప్పుకున్నావంటే చేతి చమురు వదిలించుకున్నట్టే.

సాఫ్ట్‌వేరు అన్నాను కాబట్టి ఒక మాట. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేరు ఉచితమే. మైక్రోసాఫ్ట్ వారి డేటాబేస్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో డెవలపర్ ఎడిషన్ కూడా ఉచితంగానే దొరుకుతుంది, అయితే అభివృద్ధికీ పరీక్షలకూ మాత్రమే. క్లయింటు వ్యాపారం నడిచే సర్వరుకు, దాని ప్రాసెసరులోని కోర్ల లెక్కన పడే లైసెన్సు ఖర్చు క్లయింటుదే. అది నీ రేటులో కలిసిపోకుండా ముందే కాగితం మీద పెట్టు.

ఇదంతా కనీసపు లెక్క. ఆ పైన ఎంతవరకు పోవచ్చన్నది పనిని బట్టి ఉంటుంది. రోజూ చూసుకునే రిపోర్టు ఒకటి రాసివ్వడమూ, లావాదేవీలు నడుస్తున్న డేటాబేసును కొత్త సర్వరుకు మార్చడమూ ఒక్కటి కావు. రెండోదాంట్లో చెయ్యి జారితే అవతల దుకాణమే ఆగిపోతుంది. ఆ భయాన్ని నీ మీద వేసుకున్నందుకు కూడా ధర ఉంటుంది.

గంటల లెక్కలో ఇంకో తిరకాసు ఉంది. ఒకచోట ప్రతి రాత్రీ నాలుగు గంటలు నడిచే రిపోర్టు ఉండేది. డేటాబేస్ ఆ పనిని ఏ దారిలో చేస్తోందో చూపే ఎగ్జిక్యూషన్ ప్లాను తెరిచి చూస్తే, కోట్ల వరుసలున్న టేబులును మొదటి నుంచి చివరిదాకా చదువుతోంది. కావలసిన వరుసలను త్వరగా వెతికిపెట్టే ఇండెక్సు తేదీ కాలమ్ మీద ఉన్నా, క్వెరీ (డేటాబేసును సమాచారం అడిగే ఆదేశం) రాసినవారు ఆ కాలమ్‌ను ఒక ఫంక్షనులో చుట్టేశారు. దాంతో ఇండెక్సు ఉండీ లేనట్టే అయింది. షరతును ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అన్నట్టు తిరగరాశాను, మూడు నిమిషాలకు దిగింది. నాకు పట్టింది యాభై నిమిషాలు. నిజాయతీగా ఒక గంటకు బిల్లు పంపాను. వాళ్లు అదే రోజు డబ్బు పంపారు, ఎంత సంతోషంగా అంటే నాకు అనుమానం వచ్చింది. అదే పనిని చేతకానివాడు వారం రోజులు నానబెట్టి ఉంటే నలభై గంటల డబ్బు తీసుకునేవాడు కదా! అప్పటినుంచి ఎంత చిన్న పిలుపు వచ్చినా కనీసం సగం రోజు బిల్లు అని పెట్టుకున్నాను. క్వెరీల వేగం పెంచే పనులకైతే అసలు గంటలే చెప్పను, మొత్తానికి ఇంత అంటాను.

అలాగని అన్నింటికీ గుత్త ధర చెప్పబోకు. డేటా మార్పిడి పనుల్లో నేను బాగా దెబ్బతిన్నాను. తేదీల కాలమ్‌లో మూడు రకాల తేదీలు, ఒకే కస్టమరుకు నాలుగు ఖాతాలు, ఫోను నంబరు ఉండాల్సిన చోట "సాయంత్రం మళ్లీ అడగాలి" అన్న గుమాస్తా రాత! ఇవన్నీ సంతకమైన తర్వాతే బయటపడతాయి. అందుకని ముందుగా రెండు మూడు రోజులు డేటాను పరిశీలించే పనిని గంటల లెక్కన, డబ్బు తీసుకునే ఒప్పుకో. చూశాకే మొత్తం ధర చెప్పు. బ్యాకప్ ఉందంటారు. దాన్ని ఒక్కసారైనా వెనక్కి తెచ్చి చూశారా అని అడుగు. చూడకపోతే ఆ పరీక్ష పూర్తయ్యేదాకా దేన్నీ ముట్టుకోకు, దానికి పట్టే గంటలూ బిల్లులో వేసుకో. మార్పులు చాలావరకు అర్ధరాత్రో సెలవురోజో చేయాల్సి వస్తాయి. వాటికి నేను ఒకటిన్నర రెట్లు తీసుకుంటాను, ఆ సంగతి ఒప్పందంలోనే రాస్తాను.

బేరం తప్పకుండా వస్తుంది. ఎక్కువంటే రేటు తగ్గించకు, పని తగ్గించు. ఈ ధరకు రెండు రిపోర్టులు కాకుండా ఒకటే చేసిస్తాను అని చెప్పు. ఒకసారి దిగిన రేటును అదే మనిషి దగ్గర మళ్లీ పైకి తేవడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఒక పాత పరిచయస్తుడికి మొదట్లో చెప్పిన ధరకే ఆరేళ్లు పనిచేశాను, అడగడానికి మొహమాటపడి. తెలిసినవారికి సాయం చేయాలనిపిస్తే చెయ్యి, కానీ బిల్లులో పూర్తి రేటు వేసి, కింద తగ్గింపు అని విడిగా చూపించు.

అడ్వాన్సు లేకుండా మొదలుపెట్టకు. ఎన్ని రోజుల్లో చెల్లించాలో బిల్లు మీదే ఉండాలి.

నీకు కష్టమనిపించేది ఒక్కటే మిగిలింది, అది నోటితో చెప్పడం. అంకె చెప్పి ఊరుకో. "కొంచెం అటూ ఇటూ చూద్దాం లెండి" అని తోక తగిలించకు. అవతలివారు నోరు తెరవకముందే నీతో నువ్వే బేరమాడుకున్నట్టవుతుంది. ఆ నిశ్శబ్దం అరనిమిషమే ఉంటుంది, మనకే యుగంలా అనిపిస్తుంది.

క్లయింటుకు చెప్పేముందు నీ లెక్క కాగితం ఒకసారి నాకు పంపు. భాగహారంలో కింద 1,500 గంటలు కనబడ్డాయంటే వెంటనే ఫోను చేసి, ఆ పై 375 గంటలు ఎవరు కొంటున్నారో అడుగుతాను.

ఆశీస్సులతో,
బాబాయి